అత్తకు మొహం చూపని అద్దె గుమాస్తా

ఆయన ఉన్నన్నాళ్ళూ డల్సీకి టీతోనే తెల్లారేది. చీకటి పూర్తిగా విడవకముందే లేచి, రాత్రి నిప్పు మీది బూడిద పక్కకి తోసి, నాలుగు పుల్లలు వేసి, ఖాళీ పిండి డబ్బాలో నీళ్ళు మరగబెట్టేది. ఆయన కప్పులో మూడు చెంచాల చక్కెర, తన కప్పులో ఒకటి.

"నాలుగో చెంచా ఎవరికి దాస్తున్నావే?" అని ఆయన రోజూ అడిగేవాడు.

"నీ పళ్ళకే దాస్తున్నా. మిగిలింది రెండేగా" అని ఈమె రోజూ అనేది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు. వసారాలో కూర్చుని ఇద్దరూ తాగేవాళ్ళు. ఎర్రమట్టి దారి మీద ఎవరు పోతున్నారో, ఎవరి బండి మళ్ళీ చెడిందో, ఎవరి కుక్క ఎవరి రొట్టె ఎత్తుకుపోయిందో ఆయన చెబుతుంటే ఈమె ఊఁ కొట్టేది.

ఇప్పుడు డల్సీ లేచేసరికి టీ ఇంకెవరో పెట్టేసి ఉంటారు. ఇచ్చిన కప్పు పుచ్చుకుంటుంది. చక్కెర ఎంత వేశారో చూసుకోదు. ఎవరితోనూ మాట్లాడదు.

మాట్లాడకపోవడం అలక కాదు. ఆ ఎడారి ఊళ్ళో, వాళ్ళ జనంలో, మొగుడు పోయిన ఆడది నోరు కట్టుకోవాలి. పెద్దవాళ్ళు ఇక చాలంటే గాని విప్పకూడదు. కొందరికి ఏడాది పడుతుంది, కొందరికి రెండేళ్ళు. అంతదాకా చేతులే నోరు. ఆ చేతుల మాట చిన్నప్పటి నుంచీ అందరికీ వచ్చు. వేలు ఇలా తిప్పితే నీళ్ళు, మణికట్టు అలా విదిలిస్తే "పోవే, చెప్పొచ్చావు" అని. చేతులతో దెబ్బలాడుకునేవాళ్ళూ ఉన్నారు, చేతులతో పుకార్లు మోసేవాళ్ళూ ఉన్నారు.

పోయినాయన పేరు ఇక ఎవరూ పలకరు. ఊళ్ళో అదే పేరున్న ఇంకో కుర్రాణ్ణి కూడా అప్పటి నుంచీ వేరే పేరుతో పిలుస్తున్నారు. అందుకే ఈ కథలో కూడా ఆయన, ఆయనే.

ఆయన పోయిన వారంలోనే మైల పోవడానికి ఇంటికి పచ్చాకు పొగ వేసి తలుపు మూసేశారు. డల్సీ దుప్పట్లు చుట్టుకుని జిలిమికి వచ్చేసింది. మొగుడు పోయినవాళ్ళు, మొగుణ్ణి వదిలేసినవాళ్ళు, ఆ వారం మొగుడితో పడనివాళ్ళు అందరూ ఉండే చోటు అది. రెండు గదులు, పదకొండు మంది ఆడవాళ్ళు, లెక్కకు అందని కుక్కలు. చలికాలం వెళ్ళాక ఇంకోసారి పొగ వేస్తే డల్సీ తన ఇంటికి తిరిగి పోవచ్చు. పోయి చేసేది పెద్దగా ఏం లేదు. ఆ వసారాలో కూర్చోవాలి. అంతే. ఆ ఒక్క ఆశ పట్టుకునే ఆమె రోజులు లాగుతోంది.

అయితే అది సర్కారు ఇల్లు. మనిషి పోయినా ఇంటికి అద్దె పోదు.

ఇద్దరి పెన్షన్లలోంచీ పక్షానికోసారి చెరో వంద డాలర్లు అద్దె కింద కోసుకునేవాళ్ళు. ఆయన పోయాక ఆయన పెన్షన్ ఆగింది, దాంతోపాటు ఆయన వందా ఆగింది. డల్సీ వంద మాత్రం ఎప్పటిలాగే కోత పడుతోంది. తన వంతు తను కడుతూనే ఉన్నాననుకుంది ఆమె. ఆయన వంతు ఆయనతోనే పోయిందనుకుంది. జిలిమిలో ఎవర్నడిగినా అదే మాట అన్నారు, "పోయినవాళ్ళని అద్దె ఎవరడుగుతారే?" అని.

ఇళ్ళ ఆఫీసు అడిగింది. ఉత్తరాలు రావడం మొదలెట్టాయి.

ఉత్తరాలు తెచ్చేవాడు ఆ ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా. ఊరి కుర్రాడే. పేరు డెస్మండ్. డల్సీ ఆ పేరు ఏనాడూ నోట పెట్టలేదు, నోరున్న రోజుల్లో కూడా. ఎందుకంటే ఊరివాళ్ళు తంతు చేసి అతన్ని పెద్దవాణ్ణి చేసిన రోజున, కాబోయే అత్త స్థానంలో నిలబెట్టింది ఆమెనే. తరవాత ఆమె కూతురు ఇంకెవరినో చేసుకుని ఎక్కడికో పోయింది, అతనూ ఇంకెవరినో చేసుకున్నాడు. అయినా అత్త అత్తే, అల్లుడు అల్లుడే. చచ్చేదాకా ఒకరి మొహం ఒకరు చూడకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఒకరి పేరు ఒకరు అనకూడదు. ఒకే దారిలో ఎదురుపడితే ఎవరో ఒకరు పొదల్లోకి తప్పుకోవాలి. మీద మీద తిరిగితే సిగ్గు. మామూలు సిగ్గు కాదు, తల కొట్టేసినంత సిగ్గు.

ఊరిలో అద్దెల పని చూసే గుమాస్తా అతనొక్కడే.

తెల్ల బండి చప్పుడు వినపడగానే జిలిమిలో ఎవరో ఒకరు అరిచేవాళ్ళు.

"ఓసేయ్, నీ అల్లుడొస్తున్నాడు! దుప్పటి లాక్కో!"

డల్సీ దుప్పటి నిలువునా కప్పుకునేది. ఆమెతోపాటు ఇంకో ఐదుగురూ కప్పుకునేవాళ్ళు. వాళ్ళంతా ఆమెకు చెల్లెళ్ళ వరస, అంటే వాళ్ళకీ అతను అల్లుడి వరసే. ఆరు దుప్పట్లు ఒక్కసారి లేచి పడేవి.

అతను గేటుకి ఇరవై అడుగుల దూరంలో బండి ఆపి, దిగి, వీపు ఇటు తిప్పి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చేవాడు. ఒకసారి కుక్క మీద కాలు వేశాడు. ఒకసారి నీళ్ళ గొట్టం తట్టుకుని కూలబడ్డాడు. వరస అడ్డం లేని ముసలమ్మలు పడీ పడీ నవ్వారు. గేటు దగ్గర ఉత్తరం పెట్టి, దాని మీద రాయి పెట్టి, పక్కనే గుడ్డలో చుట్టిన కంగారూ తోక ఒకటి పెట్టి, తిన్నగా ముందుకి నడిచి బండెక్కి పోయేవాడు. అత్తకు వేట మాంసం పెట్టడం అల్లుడి విధి. ఆఫీసు పని మీద వచ్చినా ఆ విధి అతను తప్పలేదు.

ముసలమ్మలు తోక తెచ్చుకునేవాళ్ళు. ఉత్తరం కూడా తెచ్చుకునేవాళ్ళు. మందపాటి కాగితం, పొయ్యి ముట్టించడానికి బాగా అక్కరకొచ్చేది.

ఇలా ఐదు ఉత్తరాలు అయ్యాయి. ఆరోసారి ఆఫీసు పెద్ద, గ్వెన్ అనే తెల్లావిడ, తనే వచ్చింది. మంచి మనిషే. టోపీ తీసి, నేల మీద కూర్చుని, నిదానంగా అడిగింది.

"డల్సీగారూ, మీకు ఆ ఇల్లు కావాలా, వద్దా? ఒక్క మాట చెప్పండి చాలు."

తెల్లవాళ్ళ మాట వింటే డల్సీకి కాస్త అర్థమవుతుంది. కావాలి, కావాలి అని రెండు చేతులతోనూ చెప్పింది. ఇల్లు మూసి ఉందంతే, చలికాలం పోయాక వస్తాను అని చెప్పింది. గ్వెన్ ఆ చేతుల వంక చూసింది, పక్కనున్న ముసలమ్మల వంక చూసింది. వాళ్ళకి ఆవిడ భాష రాదు. ఆవిడకి వీళ్ళది రాదు. గ్వెన్ నోటుబుక్కులో ఏదో రాసుకుని, పెద్దగా నిట్టూర్చి వెళ్ళిపోయింది.

రాసుకుందేమిటో తరవాత తెలిసింది. "మాట్లాడడానికి ఇష్టపడడం లేదు" అని.

ఇదంతా జరుగుతున్నప్పుడు రూబీ ఊళ్ళో లేదు. రూబీ పోయినాయనకి అక్క, డల్సీకి పెద్ద ఆడపడుచు. మోకాలి ఆపరేషన్‌కి ఆలిస్ స్ప్రింగ్స్ పట్నం పోయి మూడు నెలలు అక్కడే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళు బడి వంటింట్లో పని చేసిన మనిషి, తెల్లవాళ్ళ మాటా వచ్చు, చదవడమూ వచ్చు. నోరు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఆవిడ బస్సు దిగి తిన్నగా తమ్ముడి ఇంటి ముందు నుంచి నడిచి వచ్చింది. జిలిమిలోకి అడుగుపెడుతూనే చేతిలో పసుప్పచ్చ కాగితం ఆడించింది.

"ఏమే మరదలా, ఇదేంటో తెలుసా?"

తెలీదని డల్సీ వేళ్ళు తిప్పింది.

"మీ తలుపుకి అంటించి ఉంది. పద్నాలుగు రోజుల్లోపల ఆఫీసుకి రాకపోతే ఇల్లు వదిలేసి పోయినట్టేనట. ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారట. అద్దె బకాయి పదిహేను వందలట. అంటించి పదకొండు రోజులైంది. ఇంకా మూడున్నాయి. నేను ఇంకో వారం ఆసుపత్రి జావ తాగుతూ కూర్చునుంటే నువ్వు నా తమ్ముడి వసారా చేజార్చేసేదానివి!"

డల్సీ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఇల్లు ఇంకొకళ్ళకి. వసారాలో ఇంకెవరో కూర్చుని టీ తాగుతారు. ఆమె చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగాయి. ఏడుపు వచ్చింది గాని, దానికీ చప్పుడు లేదు.

రూబీ గొంతు తగ్గించింది.

"ఊరుకో. ఏడవకు. ముందు చెప్పు, ఉత్తరాలు రాలేదా?"

వచ్చాయని చెప్పింది డల్సీ. ఎన్ని అంటే ఐదు వేళ్ళు చూపించింది. ఎక్కడున్నాయంటే పొయ్యి చూపించింది.

రూబీ పొయ్యి వంక చూసింది, ముసలమ్మల వంక చూసింది. ముసలమ్మలు ఆకాశం వంక చూశారు.

"తోకలు మాత్రం జాగ్రత్తగా తిన్నారన్నమాట" అంది రూబీ.

కర్ర ఊనుకుంటూ ఆ మధ్యాహ్నమే ఆఫీసుకి పోయింది. అక్కడ జరిగింది రాత్రి అన్నం దగ్గర అందరికీ పూస గుచ్చినట్టు చెప్పింది. డెస్మండ్‌కి ఆవిడతో మాట్లాడడానికి అడ్డం లేదు. అప్పట్లో అనుకున్న పెళ్ళాం తరఫు మేనత్త వరస, కాస్త మర్యాద చూపిస్తే చాలు.

"ఏరా అబ్బీ, ఇంటి మీదకి వచ్చేదాకా ఏం చేస్తున్నావురా?" అని అడిగిందట.

"నన్నేం చెయ్యమంటారు పెద్దమ్మా? ఆవిడ నాకేమవుతారో మీకు తెలుసు. మా పెద్ద వెళ్ళి మాట్లాడమంటుంది. కుదరదన్నాను. పోనీ ఫోన్ చెయ్యమంది. ఫోన్లో మాట్లాడినా మాటే కదా! కనీసం ఆవిడ పేరు చెప్పు, కాగితాలు నేను చూస్తానంది. పేరెలా చెప్పను? చివరికి తనే కాగితాల్లో వెతుక్కుంది. నేనే ఏదో దాస్తున్నాననుకుంది. మీ ఇద్దరికీ ఏమైనా తగువా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"తగువు కాదు, గౌరవం అన్నాను. ఇంకా గాభరాపడింది."

ఇది చెప్పి రూబీ ఎంత నవ్విందంటే మోకాలు పట్టుకోవాల్సి వచ్చింది. డల్సీ నవ్వలేదు. "మరి ఇల్లు?" అని చేత్తో అడిగింది.

"రేపు పొద్దున్న. ఆఫీసు వెనకాల. నేనుంటాను" అంది రూబీ.

ఆఫీసు వెనకాల పెద్ద నీళ్ళ ట్యాంకు ఉంది, ముడతల రేకుది, ఇంటంత ఎత్తు. మర్నాడు రూబీ డల్సీని తీసుకుపోయి ట్యాంకుకి ఇవతల నీడలో కూర్చోబెట్టింది. అవతల వైపు డెస్మండ్ అప్పటికే కూర్చుని ఉన్నాడు, ట్యాంకుకి వీపు ఆనించి, కంచె వంక చూస్తూ. మధ్యలో, ఇద్దరూ కనబడే చోట, గ్వెన్‌కి ఒక కుర్చీ. రూబీ ఆ కుర్చీ పక్కన కర్ర పాతినట్టు నిలబడింది.

"మొదలుపెట్టు" అంది గ్వెన్‌తో.

గ్వెన్ ఇటు చూసింది, అటు చూసింది. "వీళ్ళిద్దరికీ ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినబడుతూనే ఉంది కదా?"

"వినబడుతుంది. కాని విననట్టే ఉంటారు. నేను మళ్ళీ చెబితేనే విన్నట్టు."

"ఓహో" అంది గ్వెన్. ఆ ఓహో ఆవిడకి చాలాకాలం గుర్తుండి ఉంటుంది.

కంచె వంక చూస్తూనే డెస్మండ్ అన్నాడు. "పెద్దమ్మా, ఆవిడతో చెప్పండి. ఇల్లు కావాలో వద్దో ముందు తెలియాలని."

"ఇల్లు కావాలా అంటున్నాడే."

కావాలి అన్నాయి డల్సీ చేతులు. చలికాలం పోయాక వస్తాను. వదిలేసి పోలేదు.

రూబీ గ్వెన్ వైపు తిరిగింది. "కావాలంటోంది. వదిలి పోలేదంటోంది. ఏడుపు మైల ఉంటే ఇంట్లో ఉండరని ఇంతకాలంగా ఇక్కడ కూర్చున్న మీకు తెలీదా, మీ తలకాయలేమైనా ఎండకి పెట్టారా అంటోంది."

డల్సీ నేల మీద అరచెయ్యి కొట్టింది. నేనలా అనలేదు!

"చివరిది నేనన్నాను" అంది రూబీ.

గ్వెన్ మొహంలో ఏదో సడలింది. నోటుబుక్కులో పాత రాత మీద గీత కొట్టింది. కాగితాల కట్ట ఒళ్ళోకి తీసుకుని మొదటి పేజీ చదవబోయింది.

"సరే, ఈ ఇంటికి కాపురస్తులు ఇద్దరు. మొదటి పేరు..."

ధనామని చప్పుడయింది. అవతల నుంచి డెస్మండ్ ట్యాంకు మీద పిడికిలితో గుద్దాడు. సగం ఖాళీ ట్యాంకు, గుడిగంట మోగినట్టు మోగింది. గ్వెన్ ఉలిక్కిపడింది. ఆయన పేరు ఆ మోతలో కలిసిపోయింది.

డల్సీ తల వంచుకుంది. ఏడు నెలల నుంచీ ఆ పేరు ఆమె చెవిన పడకుండా ఊరంతా కాపు కాస్తోంది. ఇవాళ పడబోయింది, పడలేదు. మొహం ఏనాడూ సరిగ్గా చూడని ఆ కుర్రాడు ఆపాడు.

గ్వెన్ ట్యాంకు వంక, డల్సీ వంచిన తల వంక చూసింది. తరవాత కాగితంలో ఆ పేరు మీద వేలు పెట్టి మూసింది. "మొదటి ఆయన" అంది మెల్లగా. "మొదటి ఆయన పోయిన తేదీ కావాలి. దానికి క్లినిక్ కాగితం కావాలి. పెన్షన్ ఆఫీసు కాగితం కావాలి. అవి లేకపోతే అద్దె ఇద్దరి లెక్కనే పడుతూ ఉంటుంది."

"అవి నా దగ్గరున్నాయి" అన్నాడు డెస్మండ్, కంచెతో. "క్లినిక్కుకి మూడుసార్లు తిరిగి తెచ్చాను. మూడు నెలల నుంచీ నా సంచీలోనే ఉన్నాయి. ఇక మిగిలింది ఆవిడ సంతకం ఒక్కటే. సంతకం పెట్టాల్సిన కాగితం ప్రతి ఉత్తరంలోనూ పెట్టాను. సంతకం చేసి మళ్ళీ రాయి కింద పెట్టమని గుర్తు గీసి మరీ పెట్టాను."

రూబీ డల్సీ వైపు తిరిగింది.

"విన్నావుటే? ఆ కాగితాలే పొయ్యిలో పెట్టి అతను తెచ్చిన తోకలు కాల్చుకుని తిన్నారు మీరు! ఐదుసార్లు!"

డల్సీ రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని గ్వెన్ కుర్చీలోంచి సగం లేచింది. ఏడుపు కాదు. ఏడు నెలల్లో మొదటిసారి నవ్వుతోంది, నోరు గట్టిగా మూసుకుని, కళ్ళ నీళ్ళు కారిపోయేలా. ట్యాంకు అవతల కూడా ఒక దగ్గులాంటిది వినపడింది. అది దగ్గు కాదని రూబీ ఒట్టు పెట్టి చెబుతుంది.

సంచీ రూబీ చేతుల మీదుగా ఇటు వచ్చింది. కాగితంలో ఒక గడి ఉంది. ఇంట్లో ఎంతమంది అని. గ్వెన్ అక్కడ వేలు పెట్టి చూపించింది. డల్సీ కలం పట్టుకుని చాలాసేపు ఆ గడి వంకే చూసింది. నవ్వు పోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు అలాంటి గడుల్లో రెండు అని ఆయనే వేసేవాడు. ఎవరూ తొందరపెట్టలేదు. రూబీ కూడా. డల్సీ ఒకటి వేసింది, నిటారుగా, పుల్ల గీసినట్టు. కింద తన పేరు, బడిలో నేర్పిన అక్షరాలతో, ఒక్కొక్కటీ విడివిడిగా.

గ్వెన్ లోపలికి పోయి కంప్యూటర్లో చూసి తిరిగొచ్చింది. ఒక్క మనిషికి పక్షానికి నూటపది డాలర్లట. ఆయన పోయిన రోజు నుంచే ఆ లెక్క వర్తిస్తుందట. డల్సీ మానకుండా వంద కడుతూనే ఉంది.

"పక్షానికి పది తక్కువ పడింది. పదిహేను పక్షాలు. నూటయాభై" అంది గ్వెన్.

"పదిహేను వందలా?" అంది రూబీ.

"కాదు, నూటయాభై. అది కూడా ఒకేసారి అక్కర్లేదు. పక్షానికి పది చొప్పున కలిపి కోసుకుంటాం."

"ఇల్లో?"

"ఇల్లు ఆవిడదే. చలికాలం పోయాక రావచ్చు. తలుపు మీది కాగితం ఇవాళే పీకించేస్తాను."

రూబీ ఇదంతా తన భాషలో, తన కారం కలిపి, ఇటు చెప్పింది. డల్సీ విన్నది. వింటూనే వెనక్కి వాలి ట్యాంకు రేకుకి వీపు ఆనించింది. రేకు చల్లగా ఉంది. అవతల వైపు ఆ రేకుకే అతనూ ఆనుకుని ఉన్నాడని తట్టి, గబుక్కున ముందుకి జరిగింది.

తరవాత డల్సీ రూబీ గౌను అంచు లాగి చేత్తో ఏదో చెప్పింది. రూబీ అటు తిరిగి గట్టిగా అంది.

"అబ్బీ, కాగితాలు బాగా చేశావట. మాంసం కూడా బాగుందట."

డెస్మండ్ తల మరీ కిందికి వంచుకున్నాడు. వాళ్ళు మూల తిరిగి కనుమరుగయ్యేదాకా లేవలేదు.

ఆ సాయంత్రం జిలిమిలో పెద్ద సందడి. జరిగింది రూబీ నాలుగుసార్లు చెప్పింది, నాలుగుసార్లూ ట్యాంకు మోత ఇంకా పెద్దదయింది. పొద్దు వాలేవేళకి డల్సీ ఎండిపోయిన వాగు వైపు కట్టెలకి పోవాలి. రాత్రి నిప్పుకి కట్టెలు తేవడం ఆమె వంతు. వచ్చిన రోజు నుంచీ ఒక్క పూట కూడా మానలేదు. ఒంటరిగా పోయేది, చాలాసేపు అక్కడే ఉండేది, కళ్ళు ఉబ్బి వచ్చేది. ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

ఇవాళ గోడ పక్కన దుప్పటి పరుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని, ఎండ ఇంకా ఉండగానే పడుకుంది.

"ఏమే, కట్టెలకి పోవా?" అంది రూబీ.

డల్సీ కళ్ళు తెరవకుండానే చెయ్యి ఎత్తి, మణికట్టు ఒక్కసారి విదిలించింది.